సేఫ్ మోడ్‌లోనే ఉండిపోయిన అమ్మ ఫోన్, ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా అంతే

కర్రీపాయింట్_అబ్బాయి (గాజువాక), సోమవారం రాత్రి 9:50

అందరికీ నమస్కారం. మా అమ్మ ఫోన్ శనివారం మధ్యాహ్నం నుంచి సేఫ్ మోడ్‌లో ఉండిపోయింది. నాలుగేళ్ల నాటి ఆండ్రాయిడ్ ఫోన్. స్క్రీన్ కింద ఎడమ మూల సేఫ్ మోడ్ అని రాసి ఉంటుంది, వాట్సాప్ కనిపించదు, ఫోన్‌పే కనిపించదు, నేను వేసిన తెలుగు కీబోర్డ్ కూడా లేదు. కాల్స్ వెళ్తున్నాయి, మెసేజ్‌లు వస్తున్నాయి. ఇప్పటికి పదిహేను సార్లైనా రీస్టార్ట్ చేసి ఉంటాను, ప్రతిసారీ మళ్లీ సేఫ్ మోడ్‌లోకే వస్తోంది.

అమ్మ ఇంటి ముందు కర్రీ పాయింట్ నడుపుతుంది. నెలవారీ వాళ్ల ఆర్డర్లు, ఎవరెంత ఇవ్వాలో ఆ లెక్కలు అన్నీ వాట్సాప్‌లోనే ఉన్నాయి. అక్క కొడుకు పుట్టిన దగ్గర్నుంచి బావ పంపిన వీడియోలూ అందులోనే. బ్యాకప్ ఎప్పుడూ పెట్టలేదు, అది నా తప్పే. ఆదివారం ఒక షాపుకి తీసుకెళ్తే చూసీ చూడగానే సాఫ్ట్‌వేర్ కొట్టాలి, డేటా మొత్తం పోతుంది, 800 అవుతుంది అన్నారు. ఇవ్వకుండా వెనక్కి తెచ్చేశాను. రెండు రోజులుగా ఒకటే టెన్షన్. డేటా పోకుండా దారి ఉంటే చెప్పండి.

మధురవాడ_మామ్, సోమవారం రాత్రి 10:05

బాబూ, పైనుంచి నోటిఫికేషన్లు కిందికి లాగి చూశావా? కొన్ని ఫోన్లలో సేఫ్ మోడ్ ఆన్‌లో ఉంది, ఆపడానికి నొక్కండి అని అక్కడే ఉంటుంది. మా ఫోన్‌లో అలాగే పోయింది. అది లేకపోతే పవర్ బటన్ నొక్కి రీస్టార్ట్ అని ఇవ్వాలి, కానీ అది నువ్వు చేశానంటున్నావు కదా.

బీచ్‌రోడ్_నడక, సోమవారం రాత్రి 10:12

మరి వాట్సాప్ డిలీట్ అయిపోయినట్టేనా? నాకు 67 ఏళ్లు, గత ఏడాది నాకూ ఇలాగే అయితే అన్నీ పోయాయనుకుని ఆ రాత్రంతా నిద్రపోలేదు. తెలిసినవాళ్లు ఎవరైనా ముందు ఆ సంగతి చెబితే ఈ అబ్బాయికి ధైర్యంగా ఉంటుంది.

స్పీడ్‌టెక్_వైజాగ్, సోమవారం రాత్రి 10:20

సింపుల్ బ్రో. ఫోన్ ఆఫ్ చేసి పవర్, వాల్యూమ్ అప్ కలిపి పట్టుకో, రికవరీ అనే మెనూ వస్తుంది, అందులో వైప్ డేటా ఫ్యాక్టరీ రీసెట్ కొట్టెయ్. ఐదు నిమిషాల్లో కొత్త ఫోన్ అయిపోతుంది. ఆ 800 మిగులుతుంది.

టంకం_పొగ, సోమవారం రాత్రి 10:31

తమ్ముడూ, పైన చెప్పింది చేయకు. దయచేసి చేయకు. నేను పదకొండేళ్లుగా డాబాగార్డెన్స్ వైపు ఫోన్ల రిపేరు బెంచ్ మీద కూర్చుంటున్నాను, రీస్టార్ట్ చేసినా సేఫ్ మోడ్ పోవట్లేదని వచ్చే ఫోన్లలో నేను ముందు చూసేది సాఫ్ట్‌వేర్ కాదు, వాల్యూమ్ తగ్గించే బటన్. చాలా ఫోన్లలో ఆన్ అయ్యే సమయంలో ఆ బటన్ నొక్కి పెడితే సేఫ్ మోడ్ వస్తుంది. అది లోపల ఇరుక్కుని ఉంటే నువ్వు నొక్కకపోయినా నొక్కినట్టే. ఫ్యాక్టరీ రీసెట్ చేశాక కూడా బటన్ బటన్‌లాగే ఉంటుంది, ఫోన్ మళ్లీ సేఫ్ మోడ్‌లోకే లేస్తుంది. అప్పుడు డేటా కూడా ఉండదు.

పైగా రికవరీలో కిందికి, పైకి జరిగేది వాల్యూమ్ బటన్లతోనే. తగులుతూ వదులుతూ ఉన్న బటన్‌తో అక్కడికి వెళ్తే నువ్వు ఒకటి అనుకుంటావు, ఎంపిక దానంతటది కిందికి జారి ఇంకోదాని మీద నిలబడుతుంది. అలా అయ్యి ఏడుస్తూ వచ్చినవాళ్లని చూశాను.

ఇంకో మాట. రికవరీ నుంచి రీసెట్ చేస్తే ఫోన్ లేచాక అందులో ముందున్న గూగుల్ ఖాతా అడుగుతుంది. అమ్మగారి జీమెయిల్ పాస్‌వర్డ్ నీకు తెలుసా? తెలియకపోతే ఫోన్ అక్కడే ఆగిపోవచ్చు.

పెద్దాయన గారికి: వాట్సాప్ ఎక్కడికీ పోదండి. సేఫ్ మోడ్‌లో ఫోన్‌తో పాటు వచ్చినవి మాత్రమే నడుస్తాయి, మనం దించుకున్నవన్నీ పడుకుని ఉంటాయి. చాట్‌లు, వీడియోలు ఉన్న చోటే ఉంటాయి. మామూలుగా లేవగానే అన్నీ కనిపిస్తాయి.

తమ్ముడూ, ఇవి చెప్పు. వాల్యూమ్ గీత స్క్రీన్ మీద దానంతటది వస్తోందా? పవర్ నొక్కినప్పుడు స్క్రీన్‌షాట్ పడుతోందా? ఫోన్ మోగడం ఎలా ఉంది?

కర్రీపాయింట్_అబ్బాయి, సోమవారం రాత్రి 11:02

అన్నా, ఇది చదివి అమ్మని లేపి మరీ అడిగాను.

వాల్యూమ్ గీత వస్తోంది, నేను అది సేఫ్ మోడ్ వల్లే అనుకున్నాను. గ్యాలరీ తెరిచి చూస్తే స్క్రీన్‌షాట్లు ముప్పైకి పైగా ఉన్నాయి, సగం నల్లటి లాక్ స్క్రీన్‌వే. అన్నిటికంటే మోగడం సంగతి. వారం పది రోజులుగా ఫోన్ ఒక్కసారి మోగి వెంటనే ఆగిపోతోందట. మిస్డ్ కాల్ ఇస్తున్నారనుకుని తిరిగి చేస్తే, మేము కట్ చేయలేదండీ అనేవారట వాళ్లు. ఇద్దరు నెలవారీ వాళ్లు ఫోన్ ఎత్తట్లేదని మానేశారు కూడా. నేనేమో అమ్మకి వినికిడి తగ్గిందేమో, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి అనుకుంటున్నాను.

టంకం_పొగ, సోమవారం రాత్రి 11:10

దొరికేసింది. ఫోన్ మోగుతున్నప్పుడు వాల్యూమ్ బటన్ తగిలితే రింగ్ ఆగిపోతుంది, కాల్ మాత్రం అవతలివాళ్లకి వెళ్తూనే ఉంటుంది. పవర్, వాల్యూమ్ డౌన్ రెండూ ఒకేసారి తగిలితే స్క్రీన్‌షాట్. అమ్మగారి చెవులు బాగానే ఉన్నాయి, బటనే పాడయింది. ఈ రాత్రికి ఇంకేమీ చేయకు, పడుకో. రేపు పౌచ్ తీసి బటన్ చుట్టూ ఏముందో వెలుతురులో చూసి చెప్పు.

కొండమీద_కోడర్ (ఋషికొండ), సోమవారం రాత్రి 11:48

టంకం పొగ అన్న చెప్పినదానికి లోపలి సంగతి కాస్త రాస్తాను, ఎందుకంటే రీస్టార్ట్ చేస్తే కొందరికి పోతుంది, కొందరికి పోదు అన్న ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది.

ఆండ్రాయిడ్ సేఫ్ మోడ్‌లోకి వెళ్లడానికి మామూలుగా రెండు దారులు. ఒకటి, పవర్ మెనూలో పవర్ ఆఫ్ మీద వేలు నొక్కి ఉంచితే సేఫ్ మోడ్‌లోకి రీబూట్ చేయమంటారా అని అడుగుతుంది కదా, అది. మనం సరే అంటే ఫోన్ లోపల పర్సిస్ట్ డాట్ సిస్ డాట్ సేఫ్‌మోడ్ అనే ఒక గుర్తు రాసుకుంటుంది. తర్వాత లేచేటప్పుడు ఆ గుర్తు చదువుతుంది, చదివి చెరిపేస్తుంది. చెరిపేసింది కాబట్టి ఆ పై రీస్టార్ట్‌కి మామూలుగా లేస్తుంది. పొరపాటున వేలు తగిలి సేఫ్ మోడ్‌లోకి వెళ్లినవాళ్లందరికీ ఒక్క రీస్టార్ట్‌తో పోయేది ఇందుకే.

రెండోది బటన్. ఫోన్ లేచేటప్పుడు ఒక దశలో సిస్టమ్ వాల్యూమ్ డౌన్ నొక్కి ఉందా అని చూస్తుంది. పాత ఫోన్లకి మెనూ బటన్, ట్రాక్‌బాల్ కూడా ఇలాగే చూసేది, ఆ కోడ్ అప్పటిది. నొక్కి ఉంటే సేఫ్ మోడ్. దీన్ని చెరపడానికి గుర్తేమీ లేదు, ప్రతిసారీ కొత్తగా చూస్తుంది. బటన్ ఇరుక్కుని ఉన్నంతకాలం వందసార్లు రీస్టార్ట్ చేసినా వందసార్లూ అదే జవాబు.

ఇందులో మనకి పనికొచ్చే సంగతి ఒకటుంది. చూసేది ఒక్కసారే, లేచేటప్పుడే. ఆ కొద్ది క్షణాలు బటన్ వదులుగా ఉంటే ఫోన్ మామూలుగా లేచిపోతుంది, తర్వాత బటన్ మళ్లీ ఇరుక్కున్నా సేఫ్ మోడ్‌లోకి వెళ్లదు. వాల్యూమ్ తగ్గుతుంది, అంతే.

ఒక హెచ్చరిక. సామ్‌సంగ్ ఫోన్లలో పవర్, వాల్యూమ్ డౌన్ కలిపి కొన్ని సెకన్లు పట్టుకుంటే బలవంతంగా రీస్టార్ట్ అవుతుంది. వాల్యూమ్ డౌన్ ఇప్పటికే ఇరుక్కుని ఉంటే మెనూ కోసం పవర్ పట్టుకున్నా ఫోన్ ఆగి లేవొచ్చు, అది వేరే జబ్బు అనుకుని కంగారుపడకండి. రెడ్‌మీ అయితే అదే జంట ఆన్ చేసేటప్పుడు ఫాస్ట్‌బూట్ అనే రిపేరు తెరకి తీసుకెళ్తుంది. పేరు వేరైనా కారణం ఒకటే.

భీమిలి_గాలి, మంగళవారం ఉదయం 6:40

మాది సముద్రం పక్క ఇల్లు. కిటికీ ఊచలకి ఏడాదికి రెండుసార్లు రంగు వేయాలి, లేకపోతే తుప్పు. తాళాలు, సైకిల్ చైను, ఫ్యాన్ స్క్రూలు అన్నీ అంతే. ఫోన్ బటన్ కింద ఉన్న చిన్న రేకుకి మాత్రం ఈ ఉప్పు గాలి తగలదా? మా నాన్న పడవ మీదికి ఫోన్ తీసుకెళ్తారు, రెండేళ్లలో మూడుసార్లు బటన్ స్ట్రిప్, అంటే బటన్ కింద ఉండే సన్నటి పట్టీ, మార్పించాం. బియ్యంలో పెట్టమని మాత్రం ఎవరి మాటా వినొద్దు. ఆ దుమ్ము సందుల్లోకి పోయి బటన్ ఇంకా గట్టిపడింది మాకు.

కర్రీపాయింట్_అబ్బాయి, మంగళవారం ఉదయం 7:55

పౌచ్ తీశాను. ఫొటో పెట్టడానికి మొహమాటంగా ఉంది, అయినా చెబుతాను. పౌచ్‌కి బటన్లు ఉండే చోట లోపల శనగపిండి, నూనె కలిసి గట్టి మైనంలా అంటుకుని ఉంది. అమ్మ బజ్జీల పిండి కలుపుతూనే ఫోన్ ఎత్తుతుంది, ఇంకేం చేస్తుంది, ఒక్కతే చేసుకుంటుంది. వాల్యూమ్ బటన్ కింది సగం పై సగం కంటే లోపలికి దిగి ఉంది, వేలితో రాస్తే తెలుస్తోంది. పౌచ్ తీసేసి రీస్టార్ట్ చేశాను, ఇంకా సేఫ్ మోడే.

ఈలోగా ఒక సాయం. ఫోన్‌పే లేకపోవడంతో జనం క్యూఆర్ కొడితే డబ్బు పడిందో లేదో అమ్మకి తెలియట్లేదు. రెండు రోజులుగా నగదు మాత్రమే అంటోంది, సగం మంది వెనక్కి వెళ్లిపోతున్నారు.

మధురవాడ_మామ్, మంగళవారం ఉదయం 8:10

అయ్యో, నగదు మాత్రమే అని ఎందుకు నాన్నా! గోడకి అంటించిన క్యూఆర్ అమ్మ బ్యాంకు ఖాతాకి ముడిపడి ఉంటుంది, ఫోన్‌కి కాదు. ఫోన్ ఆఫ్‌లో ఉన్నా డబ్బు పడుతుంది. సేఫ్ మోడ్‌లో ఎస్సెమ్మెస్‌లు వస్తాయి కదా, బ్యాంకు మెసేజ్ చూసుకోమను. కొన్ని ఫోన్లు సేఫ్ మోడ్‌లోకి వెళ్లగానే ఏరోప్లేన్ మోడ్ వేసుకుంటాయి, అది ఆపి ఉందో లేదో చూడు. మెసేజ్ ఆలస్యమైతే *99# డయల్ చేసి బ్యాలెన్స్ చూడొచ్చు, యూపీఐ పిన్ ఉంటే ఇంటర్నెట్ అక్కర్లేదు. సౌండ్ బాక్స్ ఉంటే దానికి దాని సిమ్ ఉంటుంది, అది చెబుతూనే ఉంటుంది.

నేను ఇంటి దగ్గర బట్టలు అమ్ముతాను, అందుకే ఇవన్నీ నాకు తెలుసు. అమ్మకి ఈ పూటే చెప్పు.

టంకం_పొగ, మంగళవారం ఉదయం 8:45

శనగపిండి అయితే సంతోషమే, తుప్పు కంటే తేలిక. జాగ్రత్తగా చదువు.

ముందు డేటా. సేఫ్ మోడ్‌లోనే ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టు, ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకో. డీసీఐఎం ఫోల్డర్‌లో కెమెరా ఫొటోలు ఉంటాయి, అది మొత్తం కాపీ చేసుకో. తర్వాత ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లో మీడియా, అందులో వాట్సాప్ పేరుతో ఫోల్డర్ ఉంటుంది. వచ్చిన వీడియోలు, వాయిస్‌లు, చాట్‌ల డేటాబేస్ అందులోనే. అదీ కాపీ చేసుకో. ఇది అయ్యేదాకా బటన్ జోలికి వెళ్లకు.

తర్వాత ఫోన్ స్విచాఫ్ చెయ్యి. మెత్తటి పొడి టూత్‌బ్రష్‌తో బటన్ చుట్టూ సందుని రుద్దు, ఫోన్‌ని ఆ వైపు కిందికి వాల్చి పట్టుకో, రాలేది బయటికి రాలాలి. మందుల షాపుల్లోనో ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే చోటో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది, బ్రష్ కొనకి తడి తగిలేంత అద్ది మళ్లీ రుద్దు. బటన్ రెండు కొసలూ మార్చి మార్చి ముప్పై నలభై సార్లు నొక్కు. మైనం కరిగి వదులవుతుంది. గంటసేపు ఆరనివ్వు. శానిటైజర్ వద్దు, అందులో నీళ్లు, జిగురు ఉంటాయి. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె అసలే వద్దు. పిన్నీసుతో గుచ్చకు, పక్కన ఉండేది మైక్ రంధ్రం అయితే కొత్త ఖర్చు.

ఇప్పుడు ఆన్ చెయ్యడం. వాల్యూమ్ బటన్ ఒకే ముక్కగా ఉంది అన్నావు కదా, పై కొస నొక్కితే కింది కొస కాస్త బయటికి లేస్తుంది. పవర్ నొక్కి, లోగో కనిపించగానే పవర్ వదిలెయ్యి, వదిలాకే వాల్యూమ్ పై కొస నొక్కి హోమ్ స్క్రీన్ వచ్చేదాకా పట్టుకో. రెండూ కలిపి పట్టుకుంటే రికవరీకి పోతుంది, అక్కడ మనకి పని లేదు.

స్పీడ్‌టెక్_వైజాగ్, మంగళవారం ఉదయం 9:20

నిన్న రీసెట్ అన్నది నేనే. నా ఫోన్‌కి ఒకసారి పని చేసింది కాబట్టి చెప్పాను, బటన్ సంగతి నాకు తెలియదు. అమ్మగారి లెక్కలు పోయేవి. సారీ బ్రో. ఆ పోస్ట్‌కి పైన వద్దు అని రాశాను, ఎవరూ చూసి చేయకుండా.

ఉక్కునగరం_సెకండ్_షిఫ్ట్, మంగళవారం మధ్యాహ్నం 1:15

నా అనుభవం వేరు, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. బైక్ మీద మద్దిలపాలెం నుంచి వస్తుంటే బిగుతు జీన్స్ జేబులో ఫోన్ దానంతటది రీస్టార్ట్ అయింది, ఆ సమయంలో బటన్ తొడకి నొక్కుకుని ఉందేమో సేఫ్ మోడ్‌లో లేచింది. జేబులోంచి తీసి రీస్టార్ట్ చేస్తే పోయింది. కాబట్టి అందరూ బటన్ విప్పించుకోనక్కర్లేదు, ముందు చేతిలో పట్టుకుని, పౌచ్ తీసి, ఒక్కసారి రీస్టార్ట్ చేసి చూడండి. నాకు దెబ్బ తిన్నది మాత్రం ఉదయం అలారం, అది నేను వేరేగా దించుకున్న యాప్, సేఫ్ మోడ్‌లో మోగదు. ఆ రోజు షిఫ్ట్‌కి గంట ఆలస్యం.

కర్రీపాయింట్_అబ్బాయి, మంగళవారం రాత్రి 10:25

వచ్చింది! వచ్చేసింది!

సాయంత్రం ముందు ల్యాప్‌టాప్‌లోకి అంతా ఎక్కించాను, వాట్సాప్ ఫోల్డరే 11 జీబీ ఉంది, రెండు గంటలు పట్టింది. తర్వాత బ్రష్, ఆల్కహాల్. పసుపు రంగు ముద్ద ఎంత వచ్చిందో చెప్పలేను. గంట ఆరబెట్టి ఆన్ చేస్తే మళ్లీ మూలన సేఫ్ మోడ్. గుండె జారిపోయింది. మళ్లీ ఆఫ్ చేసి ఇంకో యాభై సార్లు నొక్కి, ఈసారి అన్న చెప్పినట్టు లోగో రాగానే పవర్ వదిలి పై కొస పట్టుకున్నాను. అమ్మ పక్కనే నిలబడి చూస్తోంది. మూల ఖాళీగా ఉంది. వాట్సాప్ టింగ్ టింగ్ మని మూడు రోజుల మెసేజ్‌లు వచ్చి పడ్డాయి. నేను లెక్కల చాట్ తెరవబోతే అమ్మ ఫోన్ లాక్కుని బాబు వీడియో పెట్టుకుంది, బోర్లా పడిన రోజుది.

హోమ్ స్క్రీన్ మీద గడియారం, పంచాంగం విడ్జెట్లు పోయాయి, అవి మళ్లీ పెట్టాను. మిగతావన్నీ ఉన్నాయి. మధురవాడ అమ్మగారూ, క్యూఆర్ మాట పొద్దున్నే అమ్మకి చెప్పాను, బ్యాంకు మెసేజ్‌లు చూసుకుంటూ ఈ రోజు అందరి దగ్గరా తీసుకుంది.

కొండమీద_కోడర్, మంగళవారం రాత్రి 10:40

చాలా సంతోషం. ఇప్పుడు ఒక్కటే జాగ్రత్త, బటన్ బాగయ్యేదాకా ఫోన్ ఆఫ్ కానివ్వకు, చార్జింగ్ 20 శాతం కిందికి దిగనివ్వకు. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ రీస్టార్ట్ ఏదైనా ఉంటే ఆపెయ్, సిస్టమ్ అప్‌డేట్ అడిగితే తర్వాత అను. ఈ రాత్రే వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్ బ్యాకప్ పెట్టెయ్.

టంకం_పొగ, మంగళవారం రాత్రి 10:52

బ్యాకప్ అయ్యాక స్ట్రిప్ మార్పించు. ఏ షాపుకి వెళ్లినా సేఫ్ మోడ్ అని చెప్పకు, అది వింటే కొందరు సాఫ్ట్‌వేర్ వైపే వెళ్తారు. వాల్యూమ్ బటన్ స్ట్రిప్ మార్చాలి అని చెప్పు, నీ ఎదురుగా విప్పమను. కొన్ని మోడళ్లలో పవర్, వాల్యూమ్ రెండూ ఒకే స్ట్రిప్ మీద ఉంటాయి, అలా అయితే రెండూ కొత్తవి అవుతాయి, మంచిదే. లాక్ పాస్‌వర్డ్ చెప్పాల్సిన పని లేదు, వాల్యూమ్ గీత లాక్ స్క్రీన్ మీదే కదులుతుంది, అక్కడే పరీక్షించుకోవచ్చు.

కర్రీపాయింట్_అబ్బాయి, శుక్రవారం సాయంత్రం 6:30

జగదాంబ దగ్గర ఒక చిన్న బెంచ్‌లో స్ట్రిప్ మార్పించాను, సామానుతో కలిపి 350 తీసుకున్నారు, నలభై నిమిషాలు. పాతది చూపించారు, బటన్ కింద ఉండే గుండ్రటి రేకు ఒక పక్క సొట్టపడి పచ్చగా అయిపోయింది. నాలుగుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేశాం, నాలుగుసార్లూ మామూలుగానే లేచింది. మానేసిన ఇద్దరికీ అమ్మ ఫోన్ చేసి సంగతి చెప్పింది, ఒకరు సోమవారం నుంచి మళ్లీ మొదలుపెడతామన్నారు. ఇంకో ఆవిడ ఆలోచిస్తామన్నారు. వంట దగ్గర ఫోన్ పెట్టుకోవడానికి జిప్ ఉన్న పారదర్శక సంచి ఒకటి కొన్నాను, దానిమీంచే టచ్ పని చేస్తుంది.

బీచ్‌రోడ్_నడక, శుక్రవారం రాత్రి 8:05

బాబూ, మొదటి నుంచీ చదువుతున్నాను. మా ఆవిడ ఫోన్ కూడా నెల రోజులుగా ఒక్కసారి మోగి ఆగిపోతోంది, అమెరికాలో ఉన్న మా అమ్మాయి ప్రతిసారీ అమ్మ ఎందుకు ఎత్తట్లేదని నన్ను అడుగుతోంది. ఇప్పుడే పౌచ్ తీసి చూశాను. బటన్ దగ్గర పౌచ్ వంకర తిరిగి నొక్కుకుని ఉంది. తీసేసి నా ఫోన్ నుంచి కాల్ చేశాను, చివరిదాకా మోగింది.